కుడివైపు పై మూల

"మా తమ్మున్ని పైకి తోలింది ఎవలు?" అని అరుచుకుంటూ వెంకట్రాం గారు స్టూడియో మెట్లెక్కారు. వెనకాలే ఆయన భార్య విమల గారు, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. తరిగొప్పుల నుంచి పాలకుర్తి దాకా ఎండలో బండి మీద వచ్చారు. కోపం మాత్రం పొయ్యి మీద నుంచి అప్పుడే దించినట్టుంది. స్టూడియో ఓనరు శ్యాం అన్న నా వైపు చూశాడు. నేను కంప్యూటర్ వైపు చూశాను.

వాళ్ల అమ్మాయి అక్షయ పెళ్లి వీడియో మిక్సింగ్ నాదే. పెళ్లికి రాలేకపోయిన చిన్నాయన అమర్ గారి ఫొటో ఒకటి ఇచ్చి, ఈయనను కూడా వీడియోలో కలపాలె అన్నారు. నేను కలిపాను. తలంబ్రాలు పోసుకునేటప్పుడు కుడివైపు పై మూలలో ఆయనను పెట్టాను. గుడ్డు ఆకారంలో కోసి, అంచులు మసకచేసి, చుట్టూ వెలుగు పెట్టి, మెల్లగా వచ్చి మెల్లగా మాయమయ్యేటట్టు చేశాను. ఎంత ముద్దుగా వచ్చిందని నాకు నేనే మురిసిపోయాను. తీరా చూస్తే అమర్ గారు నిక్షేపంగా ఉన్నారు. కాలు విరిగి హైదరాబాదులో మంచం మీద ఉన్నారు, అంతే. ఆ వీడియో చూసి ఆయన భార్య మంచం పక్కనే కూర్చొని ఏడుపందుకుందట.

"కల్యాణీ, గింత తెల్వదా? పోయినోళ్లు పైన, గుండ్రంగ. రానోళ్లు పక్కన, డబ్బాల. మంచిగ చేసేటోళ్లయితె అందరి నడుమ నిలబెడ్తరు. దునియా మొత్తం గదే చేస్తది" అన్నాడు శ్యాం అన్న.

ఐదు నిమిషాల పని. అమర్ గారిని పై మూల నుంచి కిందికి లాగి, వెలుగు తీసేసి, చుట్టూ నలుచదరపు గీత గీశాను. బతికాడు. విమల గారు అప్పుడు నవ్వి, సంచిలో నుంచి సకినాలు తీసి నా చేతిలో పెట్టి వెళ్లారు.

ఆ రోజు ఇంటికొచ్చి మా అత్తమామలకు ఈ సంగతంతా నవ్వుతూ చెప్పాను. చెప్పకపోతే బాగుండేది.

మా తండా పాలకుర్తి నుంచి తొర్రూరు పోయే దారిలో, మహబూబాబాద్ జిల్లా హద్దు దాటగానే వస్తుంది. ఇంట్లో మేం మాట్లాడుకునేది మా లంబాడీ భాష. ఇక్కడ అందరికీ తెలిసే తెలుగులో రాస్తున్నాను. మా అత్త చాందీని నేను కూడా యాడీ అనే పిలుస్తాను, అంటే అమ్మ. కథ విని యాడి కడుపు పట్టుకొని నవ్వింది. మా మామ వాల్యా నవ్వలేదు. "పైన పెడితే పోయినట్టేనా?" అని మాత్రం అడిగాడు. అవును బాపూ అన్నాను. ఆయన లేచి చుట్ట కోసం బయటికి పోయాడు.

పోయిన వానాకాలం వాగు పొంగిన రోజు మా ఆయన ప్రేమ్‌చంద్ మోటార్ సైకిల్ మీద కల్వర్టు దాటబోయాడు. మూడోనాడు బండి దొరికింది, ఒక తుమ్మచెట్టుకు తట్టుకొని. మనిషి దొరకలేదు. పోలీసులు మిస్సింగ్ అని రాసుకున్నారు. యాడి నెలనెలా పాలకుర్తికి పోయి ఆయన ఫోన్ నంబరుకు రీచార్జ్ చేయిస్తుంది, నంబరు వేరేవాళ్లకు పోతుందని. నేనైతే అప్పటి నుంచి ఏమిటో నాకే తెలియదు. బొట్టు ఉంది, మట్టెలు ఉన్నాయి, నల్లపూసలు ఉన్నాయి. ముత్తయిదువలను పిలిచే పనికి నన్ను పిలవరు. భర్త పోయినవాళ్లను కూర్చోబెట్టే చోట కూర్చోబెట్టరు. పనులు మాత్రం అందరివీ చెప్తారు.

ఆయన చెల్లెలు జమున పెళ్లి అంతకుముందే కుదిరి ఉంది. పిల్లవాడు మిథున్‌ది కాటారం పక్క తండా. ఇంకెన్ని రోజులు ఆపుతామని రెండు దిక్కుల పెద్దలు మాట్లాడుకొని, మిరపకాయ ఏరుడు అయిపోగానే ఏప్రిల్‌లో ముహూర్తం పెట్టారు. శ్యాం అన్న కెమెరామెన్‌ను పంపాడు. మిక్సింగ్ ఎలాగూ ఇంటి కోడలిదే, దానికోసం స్టూడియో కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను.

మాలో పిల్లను అప్పగించేటప్పుడు ఢావ్లో అని ఒకటి ఉంటుంది. పెళ్లికూతురు ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినే పట్టుకొని, మెడ చుట్టూ చేతులు వేసి, పాట కట్టి ఏడుస్తుంది. నువ్వు నన్ను భుజాల మీద తిప్పినవ్, నువ్వు నాకు గోరుముద్దలు పెట్టినవ్, నేను పోతున్న అని ఎవరి లెక్క వాళ్లకు చెప్పి ఏడుస్తుంది. ఈ కాలం పిల్లలకు రాదు, సెల్‌ఫోన్‌లో చూసి నేర్చుకుంటారు. జమునకు వాళ్ల యాడి దగ్గర కూర్చొని నేర్చుకున్నది వచ్చు.

బాపును పట్టుకొని ఏడ్చింది. యాడిని పట్టుకొని ఏడ్చింది. నా దగ్గరికొచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది కానీ పాట రాలేదు. అన్న పెండ్లామా అని మొదలుపెట్టి, అన్న అనే మాట దగ్గరే ఆగిపోయింది. నన్ను వదిలిపెట్టి రెండడుగులు పక్కకు వేసింది. అక్కడ మనిషి ఎవరూ లేరు. పందిరి గుంజ ఉంది. జమున ఆ గుంజను పట్టుకొని "భియా, ఓ భియా" అని వాళ్లన్నను పిలుస్తూ అందరికంటే ఎక్కువసేపు ఏడ్చింది. డప్పులవాళ్లు కూడా చేతులు కట్టుకొని నిలబడ్డారు.

పెళ్లయిన వారానికి నేను కల్లం దగ్గర తాలు మిరపకాయలు ఏరుతుంటే బాపు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆయనా ఏరడం మొదలుపెట్టాడు. మంచికాయలను కూడా తాలులో వేస్తున్నాడు.

"బిడ్డా, గా వీడియోల పిల్ల గుంజ పట్టుకున్న కాడ..."

"చెప్పు బాపూ."

"ఫొటో పెడ్తవు గద. పై మూలకు పెట్టు."

నాకు దగ్గు వచ్చింది. ఘాటుకేలే అనుకున్నట్టు ఆయన ఆగాడు.

"తొమ్మిది నెలలాయె. నీకు ఇరవయ్యారే. నిన్ను గీ ఇంట్ల గట్లనే ఉంచుడు పాపం. పోయిండని ఒకపారి అందరు ఒప్పుకుంటె మీ నాయిన వచ్చి నిన్ను తోలుకపోతడు, మల్ల ఎవలనన్న చూస్తడు. మనోళ్లల మల్ల పెండ్లి తప్పు గాదు గద."

"యాడికి చెప్పినవా?"

"నాకు నోరొస్తలేదు. నువ్వు పైన పెట్టు. గది చూస్తె ఆమెకే తెలుస్తది."

ఎండకు ఆయన తలపాగా అంచు తడిసిపోయింది. ఏడుస్తున్నాడో చెమటనో తెలియలేదు. మనసున్న మనిషి, నాకోసమే చెప్తున్నాడు. అయినా నాకు ఒళ్లు మండింది. ఇంటి పెద్ద చెప్పలేని మాటను నా కంప్యూటర్ చెప్పాలట.

మర్నాడు యాడి వచ్చి నా మంచం మీద కూర్చుంది. బాపు మాటలేవీ ఆమెకు తెలియవు. "వాన్ని జమున చేతులల్ల పెట్టు. గుంజ కనబడొద్దు. అందరి లెక్క నిలబడాలె" అంది. "పైన గీన పెట్టేవు. పైన పెడితె నా కొడుకును నేనే సంపుకున్నట్టు."

పైన పెడితే నేను ఈ ఇంట్లో నుంచి పోవాలి. నిలబెడితే ఈ ఇంట్లోనే తల నెరిసేదాకా దారి చూడాలి. ఇద్దరూ నన్నే అడిగారు. నీకేం కావాలె అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు. రోజూ పొద్దున లేవగానే ఆయన బతికి ఉండాలని మొక్కుకునేదాన్ని. పొద్దెక్కేసరికి, ఉంటే ఇన్ని రోజులు ఒక్క ఫోన్ చేయడా అని తిట్టుకునేదాన్ని.

యాడి మాటే ముందు విన్నాను. అది తేలికైన పని అని కాదు, నాకూ ఆయనను ఒకసారి నిలబెట్టి చూడాలనిపించింది.

మా పని గురించి ఒక్కమాట చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌లో కింది వరుసలో పెళ్లి నడుస్తుంటుంది. దాని మీది వరుసలో మనం పెట్టే బొమ్మ ఉంటుంది. పైనున్నది కిందున్నదాన్ని కప్పుతుంది. బొమ్మను ఎటు కావాలంటే అటు జరపొచ్చు, పెద్దగా చిన్నగా చేయొచ్చు. నాకొచ్చిన విద్య అంతా ఇదే.

పోయినేడాది హోలీ నాటి ఫొటో ఒకటి దొరికింది. తెల్ల అంగీ మీద గులాల్ చల్లుకొని, బండి మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లను కోసేసి ఆయనను ఒక్కడినే తీశాను. మధ్యాహ్నం తలుపు దగ్గరికి వేసి, ఫ్యాన్ కింద యాడిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. గుంజ మీద ఆయనను పెట్టాను.

"జర కిందికి. గంత కిందికి కాదు. ఆగు. జర పెద్దగ చెయ్యి, వాడు జమున కన్న జానెడు ఎత్తు" అని యాడి తెర మీద వేలు పెట్టి చూపిస్తోంది. వేలు పెట్టిన చోటల్లా తెర మీద పసుపు మరక. సరైన ఎత్తు కుదిరింది. కానీ ఆయన అటు, పందిరి బయటికి చూస్తున్నాడు. జమున ఇటు పక్కన ఏడుస్తోంది.

"చెల్లె ఏడుస్తుంటె గట్ల బయటికి చూస్తడా వాడు?" అంది యాడి.

నేను ఫొటోను అద్దంలోలాగా తిప్పేశాను. ఇప్పుడు జమున వైపే చూస్తున్నాడు. యాడి తెర దగ్గరికి ముఖం పెట్టి చూసి, "గిది వాడు కాదు" అంది.

"వాడే యాడీ."

"కనుబొమ్మ మీద మచ్చ ఎడమ దిక్కు. ఎడ్లబండి మీద నుంచి పడితె తొర్రూరు దవాఖానల నేనే పట్టుకున్న, మూడు కుట్లు పడ్డయి. గీడ కుడి దిక్కున్నది."

మూడేళ్లు కాపురం చేసిన దాన్ని, నాకు తట్టలేదు. మచ్చను ఒక్కదాన్నే కోసి ఎడమవైపు అతికించాను. ఈసారి యాడి అర్ధగంట చూసి, సరే అంది. వీడియో నడిపాను. జమున ముందుకొచ్చి చేతులు చాపింది. చాపిన చేతులు ఆయన వెనక్కి పోయి మాయమయ్యాయి. పై వరుసలో ఉన్నది కిందిదాన్ని కప్పుతుందని చెప్పాను కదా.

"జమున చేతులేవి?" అంది యాడి.

ఆ చేతుల కోసం ఇంకో వరుస వేయాల్సి వచ్చింది. కింద పెళ్లి, దాని మీద ఆయన, ఆయన మీద మళ్లీ జమున చేతులు. పన్నెండు సెకన్ల ముక్క. చేతులు కదిలినప్పుడల్లా గాజుల అంచు వెంట మళ్లీ కోయాలి. రెండు రోజులు వేరే పని ముట్టలేదు. వేళ్లు ఆయన మెడ వెనక కలిసేటట్టు చేసేసరికి నా మణికట్టు వాచింది. కోస్తూ కోస్తూ ఒకసారి, ఆ చేతులు నావి అయితే బాగుండు అనుకున్నాను. అనుకొని సిగ్గుపడ్డాను.

మూడోనాడు మధ్యాహ్నం యాడిని పిలిచి చూపించాను. నిజంగా కుదిరింది. గులాల్ అంగీ వేసుకున్న ప్రేమ్‌చంద్ పందిట్లో నిలబడి ఉన్నాడు. జమున ఆయన మెడ పట్టుకొని ఏడుస్తోంది. యాడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మళ్లీ పెట్టు అంది. పెట్టాను. మళ్లీ అంది. నాలుగోసారికి ఆమె కళ్లు ఆయన ముఖం మీద లేవు. కిందికి, నేల మీదికి చూస్తోంది.

"గదేంది?"

నేల మీద నీడ. పెళ్లి పగటిపూట అయింది, పందిరి అంచున ఎండ పడుతోంది. జమునకు నీడ ఉంది, పక్కన నిలబడ్డ ఆడవాళ్లకు నీడలున్నాయి. ఆయన కాళ్ల దగ్గర నుంచి సన్నగా, తిన్నగా, కర్ర గీసినట్టు ఒక నీడ పడి ఉంది.

"గది గుంజ నీడ" అంది యాడి. "ఎంత జరిపినా గది గుంజనే బిడ్డా."

నీడను కూడా మార్చొచ్చు. ఆయన బొమ్మనే నల్లగా చేసి, నేల మీద పడుకోబెట్టి, మసకచేస్తే సరిపోతుంది. అరగంట పని. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఎందుకు అనలేదో ఈ రోజుకూ నాకు తెలియదు.

యాడి లేచి కుండలో నీళ్లు ముంచుకొని తాగింది. చెంబు బోర్లించింది. తలుపు దగ్గర ఆగి, నా వైపు చూడకుండా, "పైన పెట్టు" అని కల్లం దగ్గరికి పోయింది.

చేతులు కోసిన వరుస తీసేశాను. ఆయనను పట్టుకొని కుడివైపు పై మూలకు లాగాను. గుండ్రంగా చేశాను, అంచులు మసకచేశాను, వెలుగు పెట్టాను. అక్కడ ఫొటోను తిప్పాల్సిన పని కూడా లేకపోయింది. అసలు ఫొటో ఉన్నదున్నట్టు పెడితే మచ్చ ఎడమ కనుబొమ్మ మీదే ఉంది, చూపు తిన్నగా కింద ఏడుస్తున్న చెల్లెలి మీద పడింది. అంత సరిగ్గా కుదరడం చూసి నాకు భయమేసింది. మొత్తం పది నిమిషాలు పట్టలేదు.

మే నెల మూడోవారంలో జమున, మిథున్ కాటారం నుంచి భూపాలపల్లి మీదుగా రెండు బస్సులు మారి వచ్చారు. సాయంత్రం పొద్దుండగానే టీవీని అరుగు మీదికి తెచ్చి పెన్‌డ్రైవ్ పెట్టాం. వాడకట్టు అంతా చేరింది. ఎవరికి వాళ్లు తమ ముఖం వచ్చినప్పుడు కేకలు పెట్టారు. మిథున్ పగిడీ జారిన చోట జమునే పగలబడి నవ్వింది. నేను గోడకానుకొని వెనక నిలబడ్డాను.

ఢావ్లో వచ్చింది. బాపు, యాడి, నేను. తరువాత గుంజ. జమున గుంజను పట్టుకోగానే పై మూలలో మెల్లగా వెలుగు వచ్చింది, వెలుగులో ప్రేమ్‌చంద్. ఎనిమిది సెకన్లు. ఎవరూ కేక పెట్టలేదు. ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే తల తిప్పి నన్ను చూశారు. నా ముఖాన్ని కాదు, కాళ్లను. మట్టెలను. నేను కాళ్లు చీర కుచ్చిళ్ల కిందికి జరుపుకున్నాను.

పైన పెట్టుమన్న బాపు దాన్ని చూడలేకపోయాడు. లేచి ఎడ్ల కొట్టం వైపు పోయాడు. అక్కడి నుంచి ఆయన గొంతు వినబడింది. అంత పెద్ద మనిషి అట్లా ఏడుస్తాడని నాకు తెలియదు. వద్దన్న యాడి మాత్రం కదలకుండా కూర్చొని చివరిదాకా చూసింది. జమున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

వీడియో అయిపోయాక యాడి అందరి ముందే అంది: "కల్యాణీ, రేపు మీ నాయినను రమ్మని ఫోన్ చెయ్యి."

మొగుడు పోయిన పిల్లకు పుట్టింటివాళ్లు చీర తేవాలి. ఆ చీర కట్టుకున్నాకే బొట్టూ గాజులూ మట్టెలూ తీస్తారు. మీ నాయినను రమ్మను అంటే అర్థం అదే, చెప్పనక్కర్లేదు. గుంపులో ఒకామె అప్పుడే ముక్కు చీదింది. యాడి గొంతులో కోపం లేదు. నన్ను పంపించాలని ఆమెకు లేదు, ఉంచుకోవడానికి ఆమె దగ్గర ఇంకేం మిగల్లేదు.

ఇంటి వెనక్కిపోయి ఫోన్ చేశాను. మా నాయిన చేను దగ్గర ఉన్నాడు, మోటారు చప్పుడు వినిపిస్తోంది.

"నాయినా, రేపు నువ్వు, అమ్మ రావాలె."

"ఏమైంది బిడ్డా? పానం మంచిగ లేదా?"

"నేను మంచిగనే ఉన్న." ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను. "ఆయన పోయిండు."

నాయిన మోటారు బంద్ చేశాడు. గాలి ఒక్కటే వినబడుతోంది.

"ఎక్కడ దొరికిండు?" అని మెల్లగా అడిగాడు.

"దొరకలే."

"పోలీసోళ్లు ఏమన్న చెప్పిన్రా?"

"లేదు."

"మరి పోయిండని ఎవలు చెప్పిన్రు బిడ్డా?"

యాడి పేరు చెప్పొచ్చు. బాపు పేరు చెప్పొచ్చు. ఇద్దరి పేర్లూ నోటిదాకా వచ్చాయి.

"నేనే, నాయినా" అన్నాను. ఇన్ని నెలల్లో మొదటిసారి అప్పుడు ఏడుపొచ్చింది.